నాలుగో ఫారం

జైలు ములాఖత్ గది. మధ్యలో ఇనుప జాలీ. అటువైపు తండ్రి. జైలు ప్రెస్సులో అచ్చు కాగితాలు మడిచే పని అతనిది. కేసు ఇంకా తేలలేదు. ఇటువైపు కూతురు, ఒళ్ళో గుడ్డసంచి. కూర్చుని కాసేపైంది.

"పిల్లులు రాయి మీదకెక్కాయి కదా, అక్కణ్ణించి చెప్పు నాన్నా."

"ఎన్నిసార్లే కూనా? పోయిన వారం చెప్పాగా. అంతకు ముందూ చెప్పా."

"మళ్ళీ చెప్పు."

"అత్త ఏదీ? రాలేదా?"

"వచ్చింది. గేటు దగ్గర కూర్చుంది. మోకాళ్ళు లాగేస్తున్నాయంట. లోపలికి ఒక్కరేనన్నారు, సరే నువ్వే వెళ్ళు అంది."

"లాయరుగారు అత్తవాళ్ళింటికి వచ్చారా?"

"వచ్చారు."

"ఏమన్నారు?"

"టీలో పంచదార ఎక్కువైందన్నారు."

"అది కాదే. సోమవారం సంగతి."

"భయపడొద్దన్నారు. జడ్జిగారు మంచివారంట, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడుగుతారంట. గట్టిగా మాట్లాడాలంట. కిందికి చూడకూడదంట. పాప ఒక్క మాట చాలమ్మా, ఆయన ఇంటికొచ్చేస్తాడు అని అత్తతో అన్నారు. అత్త ఏడ్చింది."

"చూశావా? నీ ఒక్క మాట. ఏదీ, ఏం చెప్తావో ఓసారి చెప్పు."

"నువ్వు ముందు కథ చెప్పు."

"ముందు ఇది. తర్వాత కథ."

"పొద్దున బస్సులో కూడా చెప్పించుకుంది అత్త. పళ్ళు తోముకుంటుంటే కూడా చెప్పమంటోంది. నోట్లో నురగ పెట్టుకుని ఎలా చెప్తాను?"

"నాకోసం ఒక్కసారి."

"ఆ రోజు నాకు జ్వరం. బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నం మబ్బు పట్టింది. అమ్మ బట్టలు తీసుకురావడానికి డాబా మీదకెళ్ళింది. నాన్న నా పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాడు. పెరట్లో దబ్బుమని చప్పుడైంది. నాన్న పరిగెత్తాడు."

"ఊరికే పరిగెత్తాడు అనకు. 'నా పక్కనించి లేచి పరిగెత్తాడు' అను. లాయరుగారు చెప్పలేదూ?"

"నా పక్కనించి లేచి పరిగెత్తాడు."

"అదీ. అంతే. మా అమ్మే."

"నేను నిద్రపోయాను కదా నాన్నా?"

"నిద్ర కాదు, మగత. జ్వరం మగత. మధ్యమధ్య కళ్ళు తెరిచావు. నన్ను చూసి మళ్ళీ మూసుకున్నావు."

"నాకేం గుర్తులేదు."

"ఎలా గుర్తుంటుంది? ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే. నేను చెప్తున్నాగా."

"మెలకువ వచ్చేసరికి గుడ్డ ఎండిపోయుంది. చెవి మీద అతుక్కుపోయింది. లాగితే వెంట్రుకలు ఊడాయి."

"ఆ వేడికి తడిగుడ్డ ఎంతసేపు ఆగుతుంది? ఆ ముక్క అక్కడ చెప్పకు. అడగనిది చెప్పకూడదు."

"అడిగితే?"

"అడగరు. కుట్టుమిషనావిడ మాటే అడుగుతారు, దానికి లాయరుగారున్నారు."

"ఆవిడ కూడా వస్తుందా సోమవారం?"

"వస్తే రానీ. పొద్దస్తమానం ఆ మిషను తొక్కుతూ కూర్చుంటుంది, ఆ చప్పుడులో ఆవిడ మాట ఆవిడకే వినబడదు. వీధికి అవతలి పక్కనించి మీ అమ్మ పిలుపు విన్నదంట. ఏమని పిలిచిందమ్మా అంటే తెలీదంట. నోట్లో ఏదో పెట్టుకుని అరిచినట్టు ఉందంట. కోర్టంతా నవ్వింది."

"నేనూ నవ్వాను. అత్త చెప్తే."

"నవ్వక? మీ అమ్మ నాచు మీద జారింది. అరిచే టైమెక్కడిది? సరేగానీ, సోమవారం అయ్యాక నేరుగా ఇంటికే వెళ్దాం. అత్తవాళ్ళింట్లో వంటగదిలో పడుకుంటున్నావంట కదా."

"గిన్నెల అల్మారా పక్కన. రాత్రి గరిటెలు మీద పడతాయి."

"నీ మంచం అలాగే ఉంది. తాళాలు అత్త దగ్గరే ఉన్నాయి. గోడకి నువ్వంటించిన పిల్లి బొమ్మలు కూడా పీకొద్దన్నాను."

"ఇప్పుడు కథ."

గది చివర నిలబడిన ముసలి వార్డరు దగ్గరికి వచ్చాడు.

"ఏం బైండరూ, మళ్ళీ పిల్లులేనా?"

"మా అమ్మాయికి అవంటే ప్రాణం సార్."

"వారం వారం ఇదే వింటున్నా. కొంపా గోడూ మాట్లాడుకోరు, పిల్లులు మాట్లాడుకుంటారు. ఏమిటమ్మా ఆ గోల? నాకూ చెప్పు, నిలబడి నిలబడి చస్తున్నా."

"అడవి పిల్లుల పుస్తకాలండీ. రాళ్ళగుట్ట మీద ఉంటాయి. తేనెచార అని తల్లి. మసిమూతి తండ్రి. వాటికో కూన. పెద్ద పుస్తకాల్లో, నాలుగోది అయిపోయేటప్పుడు తేనెచార ఉంటుంది. అయిదోది మొదలయ్యేటప్పటికి ఉండదు. ఏమైందో చెప్పరు. ఎవరూ దాని పేరు కూడా ఎత్తరు."

"పోయినట్టేగా మరి."

"అదే ఎవరికీ తెలీదు. మా క్లాసులో కొట్టుకున్నారు. అందుకని మధ్యమధ్య చిన్న పుస్తకాలు వేస్తారు, ఒక్కో పిల్లికి ఒక్కోటి. పెద్ద పుస్తకంలో దాచింది చిన్న పుస్తకంలో చెప్తారు. తేనెచార చిన్న పుస్తకం ఇక్కడే అచ్చయింది, మీ ప్రెస్సులో. మా నాన్న ముందే చదివి నాకు చెప్పాడు."

"ముందే చదివాడా? మొత్తం?"

"మొత్తం."

"ఈయనా? ఈయన బల్ల మీదకి వచ్చేది నాలుగో ఫారం ఒక్కటేనమ్మా. పదహారు పేజీలు. ఒక్కో బల్లకి ఒక్కో ఫారం. మడిచిందే మడవాలి, సాయంత్రం దాకా. కుట్టడం, అట్ట వెయ్యడం అవతలి షెడ్డులో. సూదులూ కత్తులూ ఉంటాయని వీళ్ళని అటు పోనివ్వం. పుస్తకం మొహం కూడా చూడడు మీ నాన్న."

"పక్క బల్లవాళ్ళు చెప్తారు సార్."

"అయిదో ఫారం బల్ల మీద ఎవరున్నారు? ఆ మొద్దేగా? వాడు వేలిముద్రగాడు. వాడికి పిల్లి బొమ్మ తలకిందులుగా ఉన్నా తెలీదు."

"వాడు కాదు. ఆరో బల్లతను చదివి చెప్పాడు."

"ఏమోలే. నాకెందుకు. పాపా, సంచిలో ఏముంది?"

"నీళ్ళసీసా. లైబ్రరీ పుస్తకం. గేటు దగ్గర చూశారు."

"సరే, కానియ్యండి. కాసేపట్లో గంట కొడతారు. తేనెచార సంగతి తేలితే నాకూ చెప్పండి, మా మనవరాలి దగ్గర గొప్పలు పోతాను."

వార్డరు తన మూలకి వెళ్ళాడు.

"ఆయన మాట పట్టించుకోకు కూనా. వాగుతూ ఉంటాడు."

"నీ ఫారం ఎక్కడితో అయిపోతుంది నాన్నా?"

"ఎందుకిప్పుడు?"

"ఊరికే. తెలుసుకుందామని."

"రాయి మీద. 'తేనెచార వెనక్కి తిరిగింది. నాచు మీద వెనకకాలు' అని ఉంటుంది, పేజీ ఆఖర్న. వాక్యం కూడా పూర్తవదు. రోజంతా అదే మడిచాను. అదే వాక్యం, మడతకి మడతకి. వెనకకాలు, వెనకకాలు, వెనకకాలు. కళ్ళు మూసుకున్నా అదే."

"తర్వాతది ఆరో బల్లతను చెప్పాడు."

"ఆఁ."

"చెప్పు. రాయి మీదకెందుకెక్కాయి?"

"వాన వచ్చేలా ఉంటే. పైన దాచిన తిండి తడిసిపోతుందని తేనెచార ముందు వెళ్ళింది. వెనకాల మసిమూతి వెళ్ళింది."

"కూనో?"

"కింద గుహలో పడుకుంది. దానికి ఒంట్లో బాలేదు."

"దాని పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లే... కథలో ఎవరూ లేరు. పిల్లులకి ఎవరుంటారు? కాసేపట్లో వచ్చేద్దామనుకున్నాయి."

"పైన ఏం మాట్లాడుకున్నాయి?"

"చెప్పాగా. వాన గురించి. పడుతుందా పడదా అని."

"తర్వాత?"

"తర్వాత తేనెచార వెనక్కి తిరిగింది. నాచు మీద వెనకకాలు జారింది. ఒళ్ళంతా అంచు అవతలికి పోయింది. ముందు పంజాలతో అంచు పట్టుకుంది. గోళ్ళు గీసుకుపోయాయి రాయి మీద. తెల్లగా, పొడి పొడిగా."

"రాయి తెల్లగా ఉంటుందా?"

"ఆ రాయి తెల్లదే. సున్నపురాయి."

"అరిచిందా?"

"ఒక్కసారి పిలిచింది. నోట్లో ఈక ఉంది కదా, మాట బయటికి రాలేదు. ముక్కుతో పిలిచినట్టు. మూగవాళ్ళు పిలిచినట్టు."

"నోట్లో ఈక ఎందుకుంది?"

"కూన ఆడుకోడానికని ఏరింది. పంజాల్లో పట్టుకోలేదు కదా, పళ్ళ మధ్య పట్టుకుంది."

"ఒకటా?"

"రెండో మూడో. పళ్ళ మధ్య అడ్డంగా."

"ఉమ్మెయ్యొచ్చు కదా నాన్నా. ఉమ్మేసి అరవొచ్చు కదా."

"అంత ఆలోచన ఉంటుందా ఆ టైములో? పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది. పడేదాకా నోరు తెరవలేదు."

"మసిమూతి ఎంత దూరంలో ఉంది?"

"ఎంతో కాదు. ఇదిగో, ఈ జాలీ దగ్గర్నించి నీ కుర్చీ అంత."

"చాపితే అందేదా?"

"ఏమో. అందేదేమో."

"మరి ఎందుకు చాపలేదు?"

"నువ్వివన్నీ ఇంతకుముందు అడగలేదే."

"ఇప్పుడు అడుగుతున్నా. ఎందుకు చాపలేదు?"

"చాపకూడదని కాదు. అలా నిలబడిపోయింది. తేనెచార దాని మొహంలోకే చూస్తోంది. అదీ చూస్తోంది. కోపం దిగలేదు కూనా. కోపం దిగేసరికి అంచు ఖాళీగా ఉంది."

"కోపమా? వాన గురించి మాట్లాడుకున్నాయన్నావు. వాన గురించి కోపం ఎందుకొచ్చింది?"

"పిల్లుల కోపాలకి కారణాలేముంటాయి. ఏదో ఒకటి. అక్కడితో అయిపోయింది కథ. మసిమూతి కిందికొచ్చి కూనని నాలికతో నాకి నాకి ఒళ్ళంతా తుడిచింది. ఇంక దాన్ని ఎప్పుడూ ఒంటరిగా వదల్లేదు. అదీ కథ."

"తుడిచి ఏమని చెప్పింది కూనకి?"

"ఏం చెప్తుంది?"

"తేనెచార ఏదీ అని అడిగి ఉంటుంది కదా."

"జారిందని చెప్పింది. నిజమే కదా. జారడం నిజమేగా."

"నిజమే."

"మరింకేం. ఎందుకలా మొహం పెట్టావు? నీళ్ళు తాగు. సీసా తెచ్చుకున్నావుగా."

"నాన్నా, అమ్మ బట్టలు తీసేటప్పుడు క్లిప్పులు ఎక్కడ పెట్టుకునేదో తెలుసా?"

"ఎక్కడ పెట్టుకుంటే ఏం. బుట్టలో."

"బుట్ట విరిగిపోయింది కదా, నువ్వే విసిరేస్తే. అప్పట్నించి పళ్ళ మధ్య పెట్టుకునేది. నేను వెనకాల నిలబడి ఏమన్నా అడిగితే ఊఁ ఊఁ అనేది. నాకు నవ్వొచ్చేది. ముక్కుతో మాట్లాడుతున్నావమ్మా అనేదాన్ని."

"ఆడవాళ్ళందరూ పెట్టుకుంటారు."

"కుట్టుమిషనావిడ మిషను ఆపి తల ఎత్తిందంట. అత్త చెప్పలేదు, నేనే వెళ్ళి అడిగా."

"ఎప్పుడు వెళ్ళావు? నిన్నెవరు వెళ్ళమన్నారు? ఆవిడ గుమ్మం తొక్కొద్దని చెప్పలేదూ?"

"బడినించి వచ్చేటప్పుడు. నా గౌను కింద పట్టీ విప్పి పొడుగు చేసిచ్చింది. ఊరికే. పైసా తీసుకోలేదు. ఏమీ అడగలేదు కూడా. నేను అడిగినదానికే చెప్పింది."

"విను కూనా. ఇటు చూడు. వాళ్ళు ఏవేవో నూరిపోస్తారు. నేను నీ నాన్నని. మీ అమ్మని నేను తొయ్యలేదు. మీ అమ్మ మీద నా చెయ్యి పడలేదు. ఎవరి మీద ఒట్టు వెయ్యమంటే వాళ్ళ మీద వేస్తా."

"తోశావని నేనన్నానా?"

"మరి?"

"కథ గురించి అడుగుతున్నాను అంతే."

"కథ నేను రాశానా? పుస్తకంలో ఎలా ఉందో అలా చెప్పాను. పిల్లి పడింది అని రాసుంటే పడిందని చెప్పాను. ఈక అని ఉంటే ఈక. నన్నెందుకు నిలదీస్తావు, ఆ రాసినవాళ్ళని అడుగు."

"పుస్తకంలో అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"అంచు పట్టుకోవడం, పిలవడం, చూస్తూ నిలబడటం?"

"అన్నీ ఉన్నాయి. ఆరో బల్లతను అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. చాలా? ఇంక ఆపు ఆ పిల్లుల సంగతి."

"సరే."

"సరే అంటే సోమవారం..."

"ఆ రోజు పొద్దున అమ్మ నా బడిసంచిలో పుస్తకాలు తీసేసి బట్టలు పెట్టింది. నాకు జ్వరం మొదలైంది అప్పుడే. తగ్గాక వెళ్దాంలే, నువ్వు పడుకో అంది."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. నీకు చెప్పిందా? పైన చెప్పిందా నాన్నా?"

"నేను పైకి వెళ్ళలేదు."

"అవును. నా పక్కనే ఉన్నావు. గుడ్డ వేస్తూ."

గంట కొట్టారు. గదిలో మిగతా జాలీల దగ్గర కుర్చీలు కదిలాయి. వార్డరు లేచి వచ్చాడు.

"అయిపోయింది, అయిపోయింది. లేవండి. ఏం పాపా, తేలిందా తేనెచార సంగతి?"

"ఒక్క నిమిషం సార్. ఒక్కటే నిమిషం. కూనా, సోమవారం ఏం చెప్తావో ఆ ఒక్కటి నాతో చెప్పి వెళ్ళు. నువ్వు తప్ప నాకెవరున్నారు? నీ మాట లేకపోతే ఆ కాగితాలు మడుచుకుంటూ ఇక్కడే పోతాను. అత్త కూడా ఎన్నాళ్ళు చూస్తుంది నిన్ను? చెప్పు. నాన్న ఎక్కడున్నాడు? నీ పక్కన. అంతేగా?"

కూతురు సంచిలో చెయ్యి పెట్టి ఒక పుస్తకం బయటికి తీసింది.

"సంచిలోంచి ఏంటది?"

"లైబ్రరీ పుస్తకం. బుధవారం వచ్చింది బడికి. అందరికంటే ముందు నాకే ఇచ్చారు మేడం, మీ నాన్న ప్రెస్సులో చేస్తాడన్నావుగా అని. జైలు ప్రెస్సని నేను చెప్పలేదు."

"ఎందుకు చూపిస్తావు నాకు? ఏ పిల్లిది ఆ పుస్తకం?"

"తేనెచారది. నీ ఫారం మడత బాగా కుదిరింది నాన్నా, ఒక్క పేజీ కూడా వంకరపోలేదు. కానీ అందులో అవి వాన గురించి మాట్లాడుకోవు. కూనని తీసుకుని వెళ్ళిపోతానంటుంది తేనెచార."

"నువ్వు చిన్నపిల్లవని... అది నీకెందుకని చెప్పలేదు. ఆ ఒక్క ముక్కే మార్చాను. మిగతాదంతా..."

"మిగతాది అయిదో ఫారంలో ఉంది. అందులో తేనెచార పడదు నాన్నా. జారగానే మసిమూతి దాని మెడ పట్టుకుని పైకి లాగుతుంది, లాగి దారి వదులుతుంది, అది కూనని నోట కరుచుకుని నడిచి వెళ్ళిపోతుంది."